ఎల్లప్ప బయటికి తీసిన పెండ్లి

ఎల్లప్పకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. లోపల ఉండాల్సినదాన్ని లోపల ఉండనివ్వడు. గడియారం గానీ, గ్రైండరు గానీ, ఫ్రిజ్ గానీ, ఆయన చేతికి చిక్కిందంటే చాలు, మరలు విప్పి, దాని కడుపులో ఉన్నదాన్ని బయటికి తీసి, అది బయటినుంచే పని చేసేటట్టు చేసేదాకా ఆయనకు అన్నం సయించదు. కరెంటు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అన్నేళ్లూ స్తంభాల మీద, అంటే బయటే బతికాడు కాబట్టి, లోకంలో ప్రతిదీ బయటే ఉండాలని అనుకుంటాడేమోనని సంతోష్‌నగర్‌లో ఆ గల్లీవాళ్లు సరిపెట్టుకున్నారు.

ఆయన ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు కంగారుపడతారు. రేడియో పెట్టె ఎక్కడా కనబడదు, వార్తలు మాత్రం వినబడుతుంటాయి. వెతగ్గా వెతగ్గా స్పీకరు ఊరగాయ జాడీలో దొరుకుతుంది. జాడీలో పెడితే గొంతు నిండుగా వస్తుందట. లాప్‌టాప్ ఉంది గానీ ఒక్కచోట లేదు. తెర గోడకు మేకు మీద, అక్షరాల పలక ఆయన ఒళ్లో, మిగతా శరీరం అటక అంచున ఉంటాయి.

"ఎందుకన్నా గిట్ల చేస్తవ్?" అని ఎవరు అడిగినా జవాబు ఒకటే.

"లోపలుంటే దానికి ఊపిరాడదు."

ఆ ప్రశ్న అందరికన్నా ఎక్కువసార్లు అడిగింది పక్కింటి లీలమ్మ. లీలమ్మ చదివింది నాలుగో తరగతి. ఐదులోకి వెళ్లకపోవడానికి కారణం బీదతనం కాదు, పంతులమ్మను తను అడిగిన ప్రశ్నలేనని ఆమే చెప్పుకుని నవ్వుతుంది. ఎల్లప్ప మిషన్ల లోపలిది బయటికి తీస్తే, లీలమ్మ మనుషుల లోపలిది తీస్తుంది. ఆయనకు స్క్రూడ్రైవర్ కావాలి, ఆమెకు "అవునా" అనే ఒక్క మాట చాలు. ఒకసారి గ్యాస్ బండ దింపడానికి వచ్చినాయన, బండ దింపి పైకి లేచేలోపు తన తోడల్లుడితో ఉన్న తగాదా మొత్తం చెప్పేసి, కళ్లు తుడుచుకుని, ఖాళీ బండ అక్కడే మరచి వెళ్లిపోయాడు.

ఎల్లప్ప పనితనం గల్లీ నిండా వేలాడుతూ ఉండేది. ఆయన ఫ్రిజ్ చచ్చిపోయిన రోజున, దాని లోపలి బల్బూ, తలుపు తెరిస్తే దాన్ని వెలిగించే చిన్న బొత్తామూ తీసుకొచ్చి లీలమ్మ గేటుకు బిగించాడు. గేటు తెరిస్తే బల్బు వెలుగుతుంది, వేస్తే ఆరిపోతుంది.

"నా గేటు నీకు ఫ్రిజ్ లెక్క కనబడ్తున్నదా?" అంది లీలమ్మ.

"తలుపు తెరిస్తే వెలగాలె, దానికి తెలిసిన పని గదొక్కటే. మా ఇంటికి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటది. మరి యాడ పెట్టాలె?"

అప్పటినుంచి లీలమ్మ ఇంకా తెల్లవారకముందే చర్చిలో ప్రార్థనకు బయల్దేరినప్పుడల్లా, ఆ తెల్లటి వెలుగులో నిలబడి, తను నిన్న మిగిలిన వంకాయ కూరలా ఉన్నాననుకునేది.

స్కూటరు చెడిపోతే దాని హారన్ తీసి, గల్లీ మొదట్లో ఇస్త్రీ చేసే ఆగయ్య బండికి పెట్టాడు. బట్టలు తెచ్చినవాళ్లు బొత్తాం నొక్కాలి. మొదటి రోజు ఆ మోతకు లీలమ్మ చేతిలోని పప్పు గిన్నె కింద పడింది. ఇంటింటికీ తిరిగి, "ఇస్త్రీ బండికి హారన్ ఏంది, అది ఓవర్‌టేక్ చేస్తదా?" అని అడిగింది.

అన్నిటికన్నా పెద్ద లొల్లి వాషింగ్ మిషన్‌ది. మిషన్ బాగానే ఉన్నా దాని టైమర్ చక్రం ఊడదీసి, ఇద్దరి ఇళ్లకూ మధ్యనున్న పిట్టగోడ మీద బిగించాడు. పొద్దున ఏడూ ముప్పావుకు వచ్చి దాన్ని తిప్పి పోతాడు. సరిగ్గా ఎనిమిదింటికి అది ట్రింగుమంటుంది. ఆదివారం లేదు, పండుగ లేదు, వాన లేదు, మూడేళ్లుగా అదే వరస.

"బుద్ధేమన్నా ఉన్నదా నీకు?" అని లీలమ్మ రోజూ నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకునే బయటికొచ్చి తిట్టేది. "సరిగ్గ నేను బీపీ గోలి ఏసుకునే టైముకే మోగిస్తవ్. గుండె దడుసుకుంటది. బీపీ ఉన్న మనిషిని గిట్ల సతాయిస్తరా?"

తిట్టడం అయ్యాక గోలి మింగి, నీళ్లు తాగి, కాస్త జాలి కలిగి, మజ్జిగ గ్లాసు చూపిస్తూ, "సల్ల తాగుతవా?" అని అడిగేది.

"వద్దు చెల్లె, సల్ల తాగితే నాకు గొంతు పడుతది. చాయ్ ఉంటే పొయ్యి."

ఇలా వీళ్ల కాపురాలు పక్కపక్కన సజావుగా సాగుతుండగా, లీలమ్మ ఒక ఘనకార్యం చేసింది.

లీలమ్మతోనే ఉండే మనవరాలు స్వీటీ, పెండ్లి వీడియోలు తీసి, కూర్చి ఇచ్చే పని కొత్తగా మొదలుపెట్టింది. మొదటి పెద్ద పని, వెనక గల్లీలోని గుడి పూజారి ఇంట్లో పెండ్లి. పూజారిగారి భార్య లక్ష్మీకాంతమ్మ, లీలమ్మకు నలభై ఏళ్ల స్నేహితురాలు. పాపం, కూతురు మాన్య పెండ్లికి వారం ముందు ఆమె స్నానాల గదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి కట్టుతో మంచం మీద ఉండగానే కూతురి పెండ్లి బహదూర్‌పురాలో ఫంక్షన్ హాల్లో జరిగిపోయింది. మంగళసూత్రం కట్టేటప్పుడు బిడ్డ మొహం ఎట్లా ఉందో తల్లి చూడలేదు. ఆదివారం సాయంత్రం వీడియో తెచ్చి చూపిస్తానని స్వీటీ మాటిచ్చింది. లక్ష్మీకాంతమ్మ ఆ ఆదివారం కోసం రోజులు లెక్కపెట్టుకుంటోంది.

అయితే ఆదివారం దాకా ఆగడం లీలమ్మ వల్ల అవుతుందా? వియ్యపురాలు కట్టిన చీర రంగు గురించి గల్లీలో మూడు రకాల కథలున్నాయి. మేనత్త అలిగిందని కొందరు, అలగలేదు, ఆకలేసిందని కొందరు. శుక్రవారం నాడు స్వీటీ ఇంకో పెండ్లికని జహనుమా వెళ్లింది, శనివారం సాయంత్రం గానీ రాదు. లాప్‌టాప్ బల్ల మీద ఉంది. దానికి తాళంమాట, అదే పాస్‌వర్డ్, ఉంది గానీ, స్వీటీ వేళ్లు ఏ మీట తర్వాత ఏ మీట మీద పడతాయో లీలమ్మ నెల రోజులు కూర వండుతూ ఓరకంట చూసి కంఠతా పట్టింది. నాలుగో తరగతి చదువు ఎందుకు పనికొస్తుందని ఎవరూ అనడానికి లేదు.

భోజనమయ్యాక ఒక చేత్తో పెద్ద గ్లాసు మజ్జిగ పట్టుకుని కూర్చుంది. తెరిచింది. పెండ్లి మొదలైంది. వియ్యపురాలు వచ్చింది. చీర మామిడిపండు రంగే గానీ, అంచు ఏ రంగో తెలియలేదు. అంచు చూద్దామని లీలమ్మ ముందుకు వంగింది. గ్లాసు కూడా వంగింది.

అల్లం, కరివేపాకు, కొత్తిమీర వేసిన చిక్కటి మజ్జిగ మీటల సందుల్లోంచి లోపలికి దిగిపోయింది. వియ్యపురాలు ఒక్కసారి వణికి మాయమైంది. తెర నల్లబడింది.

లీలమ్మకు తెలిసిన వైద్యం ఒకటే. అంతకుముందు ఫోను బకెట్లో పడితే ఎవరో బియ్యంలో పెట్టమన్నారు, పెడితే బతికింది. ఫోనుకు గ్లాసెడు బియ్యం పట్టింది కాబట్టి, లాప్‌టాప్‌కు డ్రమ్ము కావాలని లెక్కవేసింది. మూడు నెలల సన్నబియ్యం ఉన్న డ్రమ్ములో దాన్ని మెడలోతుకు పూడ్చి, మూత పెట్టి, మూత మీద బైబిలు పెట్టి, కళ్లు మూసుకుంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గోడ మీద గంట మోగింది. లీలమ్మ బయటికొచ్చింది, గోలి మింగింది, నీళ్లు తాగింది, లోపలికి వెళ్లిపోయింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

రెండు నిమిషాల్లో ఎల్లప్ప గుమ్మంలో ఉన్నాడు.

"ఏంది చెల్లె, ఇయ్యాల తిట్టలే. పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది."

"అవునా," అన్నాడు ఎల్లప్ప.

అంతే. తను ఊరందరి మీద వాడే మాట తన మీద పడేసరికి లీలమ్మ నిలవలేకపోయింది. మజ్జిగ, వియ్యపురాలు, చీర అంచు, బియ్యం డ్రమ్ము, లక్ష్మీకాంతమ్మ కాలు, అన్నీ ఒక్క ఊపిరిలో బయటపెట్టింది.

"కెమెరాల ఉంటది గదా వీడియో?" అన్నాడు ఎల్లప్ప.

"ఉండదన్నా. జహనుమా పెండ్లికి కావాలని కెమెరాల ఉన్నయన్నీ తుడిచేసి పోయింది. ఉన్నదంతా గీ లాప్‌టాప్‌లనే. ఆ తల్లికి నేనేం మొహం చూపియ్యాలె? నా మనుమరాలి మొదటి పని గిట్ల నా చేతుల పోయె."

లాప్‌టాప్‌ను డ్రమ్ములోంచి తవ్వి తీశారు. ఎల్లప్ప దాన్ని ఒకవైపు వంచితే గుప్పెడు బియ్యం రాలింది. ఇంకోవైపు వంచితే ఇంకో గుప్పెడు రాలింది.

"చెల్లె, ఎసరు పెడ్తవా?"

"నవ్వకన్నా. నాకు ఏడుపొస్తున్నది."

ఎల్లప్ప నవ్వడం ఆపి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆ క్షణంలో ఆయన మొహం చూడాలి. కొత్త లాప్‌టాప్ విప్పే యోగం ఆయనకు అంతదాకా పట్టలేదు. అడుగు పలక ఊడింది. లోపల పచ్చటి పలక మీద మజ్జిగ ఎండి పొరలు కట్టింది. ఒక మూల మాడిన మచ్చ. ఎల్లప్ప పెదవి విరిచాడు. తర్వాత ఇంకో మూల ఒకే ఒక్క మర తిప్పి, వేలంత పొడుగున్న నల్లటి పట్టీ ఒకటి మెల్లగా బయటికి లాగి వెలుతురులో పట్టుకున్నాడు.

"పెట్టె పోయింది. పెండ్లి పోలే. చూడు, దీని మీద సల్ల చుక్క పడలే. స్వీటీ దాచుకున్నదంతా గిండ్లనే ఉంటది."

లీలమ్మ కళ్లజోడు పెట్టుకుంది. చూయింగ్‌గమ్ పట్టీ కన్నా కొంచెం పెద్దదిగా ఉంది.

"గింతదాంట్ల మూడొందల మంది ఉన్నరా?"

"ఉన్నరు."

"బ్యాండోళ్లు?"

"ఉన్నరు."

"గుర్రం?"

"గుర్రం గూడ ఉన్నది."

లీలమ్మ ఎందుకైనా మంచిదని చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"నా లాప్‌టాప్ ముసలిది," అన్నాడు ఎల్లప్ప. "గీ పట్టీని దాని లోపల పెట్టనీకి తొవ్వ లేదు. బయటినుంచే వైరుతోటి తగిలియ్యాలె. దానికొక చిన్న డబ్బా దొరుకుతది. పట్టీని అండ్ల పెట్టి, వైరు గుచ్చుతే, లోపలిది బయటినుంచే పని జేస్తది." అని ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, ఎంతో సంబరంగా అన్నాడు. "చూసినవా చెల్లె, లోపలిదాన్ని బయట పెట్టనీకి దుకాణాలల్ల డబ్బాలే అమ్ముతున్నరు. అంటే నేనొక్కన్నే పిచ్చోన్ని గాదు."

సంతోష్‌నగర్ చౌరస్తా దగ్గర మనీష్ అనే అతనికి కంప్యూటరు సామాను కొట్టు ఉంది. ఇద్దరూ అక్కడికి వెళ్లారు. ఎల్లప్ప పట్టీని రుమాల్లో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"చాచా, దీని పండ్లకు కాటు ఒకటి ఉన్నదా, రెండున్నయా?" అని అడిగాడు మనీష్. పట్టీ చివర బంగారు రంగు పళ్లు వరసగా ఉంటాయి. వాటి మధ్య చిన్న గాటు ఒకటే ఉంటే ఒక రకం డబ్బా, రెండుంటే ఇంకో రకం. కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చిన ఎల్లప్ప రెండన్నాడు. మనీష్ డబ్బా ఇచ్చాడు. పట్టీ అందులోకి దిగలేదు.

లీలమ్మకు ఇలాంటివి కొత్తకాదు. లాడ్‌బజారులో నలభై ఏళ్లుగా గాజులు తొడిగించుకుంటోంది.

"జర సబ్బునీళ్లు రాసి ఎక్కియ్యి అన్నా. మెల్లగ తిప్పుకుంట నెట్టు."

ఎల్లప్ప పట్టీని చటుక్కున గుండెలకు హత్తుకున్నాడు. "గిది గాజు గాదు చెల్లె. ఎక్కకపోతే ఎక్కియ్యొద్దు. డబ్బా మార్చాలె. మనీష్ భాయ్, ఒకటే కాటు ఉన్నది, నువ్వే చూడు."

మనీష్ లోపల సరైన డబ్బా వెతికి తెచ్చేలోపు, ఊరుకోవడం చేతగాని లీలమ్మ అతన్ని, "పెండ్లయిందా బిడ్డా?" అని అడిగింది, "కాలేదమ్మా" అంటే, "అవునా" అంది. పట్టీ డబ్బాలో కూర్చుని, మర బిగిసి, మూత పడేసరికి మనీష్‌కు రెండుసార్లు సంబంధం తప్పిపోయిన వైనం అంతా బయటపడింది. ఎల్లప్ప ఒకదాన్ని లోపల పెట్టించుకుంటే, లీలమ్మ ఇంకోదాన్ని బయటికి తీసింది.

ఎల్లప్ప ఇంటికొచ్చి, ఆయన లాప్‌టాప్‌కు వైరు గుచ్చారు. డబ్బా మీద చిన్న నీలం దీపం వెలిగింది. ఎల్లప్ప మొట్టమొదట చెప్పిన మాట ఇది. "చెల్లె, గిది మంచిగ ఇను. నడుస్తున్నప్పుడు వైరు పీకొద్దు. తీస్తున్ననని ముందుగాల కంప్యూటర్‌కు చెప్పాలె, అది సరే అన్నంకనే తియ్యాలె. చెప్పకుండ పీకితే లోపలున్నది ఖరాబైతది. నేను గూడ పీక. ఎవ్వరూ పీకొద్దు."

లీలమ్మ డబ్బా ముట్టి చూసింది. "వేడిగున్నది అన్నా. జరమొచ్చినట్టున్నది. తడిగుడ్డ వేద్దునా?"

"తడిది దూరం పెట్టు. నీ చేతుల తడిది ఏదున్నా నాకు ఫికర్ అయితది. గా వేడి మామూలే."

తెర మీద పెండ్లి రాలేదు. ఒక పొడుగాటి గడి వచ్చి, తాళం అడిగింది.

"నాకు తెలుసు," అంది లీలమ్మ ఉత్సాహంగా. తను కంఠతా పట్టిన మీటలన్నీ వరసగా నొక్కింది. తెర ఒప్పుకోలేదు.

"గది దాని సొంతింటి తాళం," అన్నాడు ఎల్లప్ప తెరను చదువుతూ. "ఇల్లు మారినంక ఇంకో తాళం అడుగుతది. నలభై ఎనిమిది అంకెలు. స్వీటీ ఫోన్‌ల దొరుకుతయ్. ఫోన్ జెయ్యాలె."

లీలమ్మ కుర్చీలో కూలబడింది. ఫోన్ చేస్తే చెప్పాలి. చెబితే, ఆడపిల్ల నమ్మి ఇంట్లో వదిలిపోయిన వస్తువును దొంగచాటుగా తెరిచిన అమ్మమ్మ అని, చీర అంచు కోసం మనవరాలి కష్టాన్ని మజ్జిగలో ముంచిన అమ్మమ్మ అని, అన్నీ చెప్పాలి. ఊళ్లో అందరి గుట్టూ తెలిసిన మనిషికి తన గుట్టు ఇంత బరువుంటుందని తెలియదు.

ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే ఎల్లప్ప ఫోను కలిపేశాడు.

"బిడ్డా స్వీటీ, నేను ఎల్లప్ప తాతను. నీ లాప్‌టాప్ ఖరాబైంది. నేనే జేసిన."

అవతల బాజాల మోత. "ఏంది తాతా? వినబడ్తలేదు."

"నీ లాప్‌టాప్ లోపల ఏమున్నదో చూద్దామని వచ్చిన. నా చేతుల సల్ల గ్లాసు ఉండె. పడ్డది."

లీలమ్మ నోరు తెరిచింది. ఎల్లప్ప వేలు పెదాల మీద పెట్టుకుని, వద్దన్నట్టు తల ఊపాడు.

స్వీటీ బాజాలకు దూరంగా జరిగి, చాలా నీరసంగా అంది. "తాతా, ఆఖరికి నాది గూడ విప్పినవా? నీకు గల్లీల ఇంకేం దొరకలేదా?"

"తప్పయింది బిడ్డా. గని పట్టీ మంచిగున్నది. బయటికి తీసి డబ్బాల పెట్టిన. నలభై ఎనిమిది అంకెలు చెప్తే పెండ్లి కనబడ్తది."

ప్రశ్నలు లేవు, అనుమానాలు లేవు. ఎల్లప్ప ఏదో విప్పి పాడుచేశాడంటే నమ్మని మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. స్వీటీ అంకెలు ఆరేసి చొప్పున చెబుతుంటే లీలమ్మ క్యాలెండరు కాగితం వెనక రాసింది. ఆమె జీవితంలో మొదటిసారి ఒక మాట లోపలే ఉండిపోయింది. ఎల్లప్ప ఏళ్లుగా చెబుతున్నది నిజమేనని అప్పుడు తెలిసింది. లోపలుంటే ఊపిరాడదు.

ఎనిమిదో వరసలో ఆరో అంకె కొట్టగానే తాళం తెరుచుకుంది. గోడ మీది తెర నిండా గుర్రం వచ్చింది.

శనివారం సాయంత్రం స్వీటీ వచ్చి, విప్పి ఉన్న తన లాప్‌టాప్‌లోకి ఒకసారి తొంగిచూసి, ఎల్లప్ప ఇంట్లోనే కూర్చుంది. ఆ ముసలి లాప్‌టాప్ లోపల జాగా లేదు కాబట్టి, పెండ్లిని బయటి డబ్బాలోనే ఉంచి, అక్కడినుంచే కత్తిరించి, కలిపి, ఆదివారం మధ్యాహ్నానికి పూర్తిచేసింది. అంతసేపూ ఎల్లప్ప ఆ వైరు పక్కన స్టూలు వేసుకుని, ఎవరి కాలూ తగలకుండా కాపలా కూర్చున్నాడు. స్వీటీ ఆయన వైపు చూసినప్పుడల్లా తల వంచుకునేవాడు. లీలమ్మ నాలుగుసార్లు చాయ్ తెచ్చింది, నాలుగుసార్లూ ఏదో చెప్పబోయి గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగింటికి లక్ష్మీకాంతమ్మ ఇంట్లో, ముసలి లాప్‌టాప్‌ను టీవీకి తగిలించారు. దాని పక్కనే వైరు చివర డబ్బా. పెండ్లి మొదలైంది. లక్ష్మీకాంతమ్మ కట్టుకట్టిన కాలు పీట మీద పెట్టుకుని, టీవీ దగ్గరికి ఎంత వంగవచ్చో అంత వంగింది. మంగళసూత్రం కట్టేటప్పుడు మాన్య ఒక్కసారి తలెత్తి ఎవరికోసమో వెతికినట్టు చూసి, మళ్లీ దించుకుంది.

"నాకోసమే వెతికింది," అంది లక్ష్మీకాంతమ్మ. మళ్లీ వేయించుకుని చూసింది. ఇంకోసారి వేయించుకుంది. తర్వాత ముక్కు చీదుకుని, స్థిమితపడి, "లీలా, వియ్యపురాలి చీరకు అంచు ఆకుపచ్చ," అంది.

లీలమ్మ ఆ అంచు వైపు చూడకుండా మొహం తిప్పుకుంది.

పెండ్లి అయిపోయింది. స్వీటీ ఆపేలోపు, పట్టీలో దాని పక్కనున్న వీడియో దానంతటదే మొదలైంది. టీవీ నిండా ఎల్లప్ప మొహం. తన గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కెమెరా కొత్తగా వచ్చిన రోజున సరదాకు తీసినట్టుంది. వెనకనుంచి స్వీటీ గొంతు.

"తాతా, ఆగయ్య తాత బండికి హారన్ ఎందుకు పెట్టినవ్?"

"ఆగయ్యకు చెవులు వినబడ్తలేవు బిడ్డా. పిలిస్తే పలకడు, పొగరనుకుని జనం వేరే బండికి పోతున్నరు. చెవిటోన్నని చెప్పుకోనీకి ఆయనకు నామోషి. హారన్ ఉంటే ఎల్లప్పగానికి పిచ్చి అనుకుంటరు, ఆయన మర్యాద ఆయనకుంటది."

గదిలో ఉన్న ఎల్లప్ప దిగ్గున లేచాడు. "బిడ్డా, గది బంద్ చెయ్." లీలమ్మ స్వీటీ చేయి పట్టుకుని ఆపింది.

"మా గేటుకు లైటు?"

"మీ మూడో మెట్టు ఇరిగింది. మీ అమ్మమ్మ చీకట్లనే ప్రార్థనకు పోతది. కండ్లు మసకలైనయ్, అడిగితే ఒప్పుకోదు."

ఎల్లప్ప వైరు పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఆగిపోయాడు. చెప్పకుండా పీకితే లోపలున్నది పాడవుతుందని రెండు రోజులుగా అందరికీ పాఠం చెప్పింది ఆయనే. లోపల మాన్య పెండ్లి ఉంది. వైరు చేత్తో పట్టుకుని, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తన లోపలిదంతా బయటికి వస్తుంటే నిలబడి చూడాల్సి వచ్చింది.

"మరి గోడ మీది గంట?"

"మీ అమ్మమ్మ బీపీ గోలి మర్చిపోతది. ఏస్కో అని చెప్తే, ఎందుకు, ఏమిటి, నీకెవరు చెప్పిండ్రు అని వంద ప్రశ్నలేస్తది. గంట మోగితే నన్ను తిట్టనీకి బయటికొస్తది. తిట్టుకుంటనే ఏసుకుంటది."

"రోజూ వచ్చి తిప్పుతవా?"

"తిప్పుతే ఏం పోయింది. తిట్లు గూడ అలవాటైనయ్."

"మరి ఎవరన్నా అడిగితే ఊపిరాడదని ఎందుకంటవ్ తాతా?"

టీవీలోని ఎల్లప్ప చాయ్ గ్లాసు వంక చూసుకున్నాడు. "అసలు మాట చెప్తే మొహమాటపడి తీసేస్తరు బిడ్డా. పిచ్చి అనుకుంటే ఉండనిస్తరు."

వీడియో అయిపోయింది. లీలమ్మ కుర్చీలోంచి లేచింది. గ్యాస్ బండాయన తోడల్లుడి తగాదా తెలుసు తనకు. మనీష్ సంబంధాలు తెలుసు. గల్లీలో ఎవరింట్లో ఎవరు ఎందుకు అలిగారో తెలుసు. మూడేళ్లు రోజూ తన చేతిలోకి నీళ్ల గ్లాసు ఎవరు పెడుతున్నారో మాత్రం తెలియలేదు. ఇన్ని ప్రశ్నలేసే మనిషిని చూసి నాలుగో తరగతి పంతులమ్మ ఎందుకు భయపడిందో గానీ, భయపడాల్సిన తెలివి అందులో ఏమీ లేదు.

"స్వీటీ, సల్ల పోసింది నేను," అంది. "తాత కాదు. నీ లాప్‌టాప్ తెరిచింది నేను. తాళంమాట చూసింది నేను. వియ్యపురాలి చీర అంచు కోసం."

"తెలుసు అమ్మమ్మా," అంది స్వీటీ.

"ఎట్ల తెలుసు?"

"లాప్‌టాప్‌ల కరివేపాకు దొరికింది. తాత సల్లనే తాగడు, ఇగ కరివేపాకు ఏసుకుని తాగుతడా? తొవ్వపొంటి ఏడ్చుకుంట వచ్చిన గని, రాంగనే గా కరివేపాకు చూసి నవ్వొచ్చింది. నువ్వు ఎంతసేపు ఆపుకుంటవో చూద్దామని ఊకున్న. ఒక్క రోజు ఆగినవ్. నీకు గది మస్తు ఎక్కువ."

"బియ్యం గూడ దొరికి ఉంటయే," అంది లక్ష్మీకాంతమ్మ, గల్లీలో కథలు మంచం దాకా కూడా వస్తాయని తెలియజేస్తూ.

ఎల్లప్ప ఇంకా వైరు పట్టుకునే ఉన్నాడు. స్వీటీ కంప్యూటర్‌కు చెప్పింది, అది సరే అంది, అప్పుడు వైరు తీసి, డబ్బాను రుమాల్లో చుట్టుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు సోమవారం. ఏడూ ముప్పావు అయింది. గోడ దగ్గరికి ఎవరూ రాలేదు. ఎనిమిదైంది. గంట మోగలేదు. లీలమ్మ ఒక చేతిలో గోలి, ఒక చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. ఎనిమిదీ పదయింది.

"ఎల్లప్పన్నా," అని గట్టిగా కేకేసింది. "బీపీ ఉన్న మనిషిని ఎంతసేపు నిలబెడ్తవ్? జర వచ్చి తిప్పు."

ఎల్లప్ప తల వంచుకుని వచ్చాడు. "గోలి చేతులనే ఉన్నది గదా చెల్లె. ఏసుకోరాదు."

"గంట మోగకుంటే ఎట్ల ఏసుకుంట? ఎప్పుడన్న గట్ల ఏసుకున్ననా?"

ఆయన చక్రాన్ని కొంచెం, రెండు నిమిషాలకు సరిపడా తిప్పాడు. ఇద్దరూ గోడకు అటొకరు, ఇటొకరు నిలబడి, అది చిటచిటమంటుంటే చూస్తూ ఉన్నారు. మాటల్లేకుండా రెండు నిమిషాలు ఉండటం లీలమ్మకు సాధ్యం కాలేదు.

"అన్నా, ఒక మాట అడుగుతా. గంట ఈడ ఉంటే, మీ వాషింగ్ మిషన్‌కు టైమైందని ఎట్ల తెలుస్తది?"

"దానికి బీపీ లేదు చెల్లె," అన్నాడు ఎల్లప్ప.

గంట మోగింది. లీలమ్మ గోలి మింగి, నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, ఆలస్యమైనందుకు రోజూ కన్నా రెండు తిట్లు ఎక్కువ కలిపి, మొదలుపెట్టింది.